పాశ్చర్ ఎడమ చెయ్యి



రోజూ పొద్దున్నే మీరు కత్తిరించే పాలప్యాకెట్ మీద ఒక శాస్త్రవేత్త పేరు ఉంటుంది. పాశ్చరైజ్డ్ అన్న ఆ మాట లూయీ పాశ్చర్ నుంచే వచ్చింది. మీ పిల్లల సైన్సు పుస్తకంలోనూ ఆయన ఫొటో చూసే ఉంటారు. కుక్కకాటుకు టీకా కనిపెట్టిన మహానుభావుడిగా పిల్లలు ఆయన గురించి పరీక్షల్లో రాస్తారు కూడా. అయితే పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటి ఉంది. 45 ఏళ్ల వయసులో పాశ్చర్‌కు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆ చెయ్యి మళ్లీ ఎప్పటికీ మామూలు స్థితికి రాలేదు. కుక్కకాటు టీకాతో సహా ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన టీకాలన్నీ ఆ తర్వాతే వచ్చాయి.

ఈ నెల ఆయన జీవితాన్ని మీ ముందు పెట్టడానికి కారణం ఉంది. మీలో చాలామంది ఇప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చిన వయసుకు దగ్గరలో ఉన్నారు. మీ ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ ఉండవచ్చు. పక్షవాతం మెదడులో ఎలా మొదలవుతుంది, ఎలా ముదురుతుంది, ఏం తీసుకుపోతుంది, ఏం మిగులుస్తుంది అన్నది తెలుసుకోవడానికి పాశ్చర్ జీవితంలోని ఒక్క రోజు చాలు.

తోళ్లు శుద్ధి చేసేవారి అబ్బాయి

పాశ్చర్ 1822 డిసెంబర్ 27న ఫ్రాన్స్ తూర్పు ప్రాంతంలోని డోల్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి జాన్-జోసెఫ్ నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్లు శుద్ధి చేసే పని పెట్టుకున్నారు. తర్వాత కుటుంబం ఆర్బ్వా అనే చిన్న పట్టణానికి మారింది. చిన్నప్పుడు లూయీ చదువులో మెరుపులేమీ మెరిపించలేదు. బొమ్మలు మాత్రం బాగా వేసేవాడు. అమ్మానాన్నల బొమ్మలు రంగు సుద్దలతో గీశాడు. అవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

పిల్లల్ని హాస్టల్లో ఉంచి చదివిస్తున్నవారికి తర్వాతి సంగతి దగ్గరగా అనిపిస్తుంది. 1838లో, ఇంకా 16 ఏళ్లు నిండకముందే, లూయీని చదువు కోసం పారిస్ పంపారు. ఇంటి మీద బెంగతో అతను అక్కడ కొద్ది వారాలు కూడా నిలవలేకపోయాడు. తండ్రి స్వయంగా వెళ్లి, కోప్పడకుండా ఇంటికి తీసుకొచ్చారు. దగ్గరలోని బెజాన్సాన్‌లో చదువు సాగింది. 1842లో పారిస్‌లోని ప్రసిద్ధ ఎకోల్ నార్మాల్ ప్రవేశ పరీక్షలో నెగ్గినా, వచ్చిన ర్యాంకు అతనికి నచ్చలేదు. మన దగ్గర లాంగ్ టర్మ్ అంటామే, అలా మరో ఏడాది చదివి 1843లో మెరుగైన ర్యాంకుతో చేరాడు. అప్పుడు పారిస్‌లోనే ఉన్నా బెంగ లేదు. ఆ బిడ్డ మారలేదు, వయసు వచ్చిందంతే.

ఆ తర్వాత ఆయన ఎదుగుదల వేగంగా సాగింది. 1848లో టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చేత్తో ఒక్కొక్కటిగా వేరుచేశారు. అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రకాలు అందులో ఉన్నాయని చూపించారు. 1849లో స్ట్రాస్‌బర్గ్‌లో మరీ లోరాన్‌ను పెళ్లి చేసుకున్నారు. రాత్రిళ్లు ఆయన చెబుతుంటే ఆమె రాసేవారు. ఆ అలవాటు ఎంత విలువైనదో తర్వాత తెలిసింది. 1854లో లిల్ నగరంలో సైన్సు విభాగానికి డీన్ అయ్యారు. పులియబెట్టడం అనేది సూక్ష్మజీవుల పని అని అక్కడి నుంచే నిరూపిస్తూ వచ్చారు. 1857లో తాను చదివిన ఎకోల్ నార్మాల్‌కే అధికారిగా తిరిగి వచ్చారు. ద్రాక్షసారాయి చెడిపోకుండా దాన్ని కొద్దిగా వేడిచేసి దాచే పద్ధతిని 1860లలో రూపొందించారు. అదే తర్వాత పాలకు చేరింది.

పట్టుపురుగులు, పసిబిడ్డలు

1865లో ఆయన జీవితం మలుపు తిరిగింది. దక్షిణ ఫ్రాన్స్‌లో పట్టుపురుగులకు తెగులు సోకి రైతులు దివాలా తీస్తున్నారు. తన గురువు డ్యూమా కోరిక మీద పాశ్చర్ అలెస్ ప్రాంతానికి వెళ్లారు. అప్పటిదాకా ఆయనకు పట్టుపురుగుల గురించి ఏమీ తెలియదు. ఏటేటా అక్కడే మకాం వేసి, చివరకు రైతుకు పనికొచ్చే చిన్న పరీక్ష తయారు చేశారు. గుడ్లు పెట్టిన తల్లి చిలకను నీళ్లతో నూరి, ఆ చుక్కను సూక్ష్మదర్శినిలో చూడాలి. తెగులు కణాలు కనిపిస్తే ఆ గుడ్లను తగలబెట్టాలి. ఇప్పుడు హిందూపురం, మదనపల్లె వైపు పట్టు రైతులకు అందే గుడ్లు కూడా ఈ తల్లి చిలక పరీక్ష దాటి వచ్చినవే.

ఆ ఏళ్లలోనే ఇంట్లో వరసగా చావులు. పెద్ద కూతురు జాన్ 1859లోనే టైఫాయిడ్‌తో పోయింది. 1865 జూన్‌లో తండ్రి పోయారు. ఆ సెప్టెంబర్‌లో రెండేళ్ల కమీల్ పోయింది. 1866 మే నెలలో పన్నెండేళ్ల సెసీల్‌నూ టైఫాయిడ్ తీసుకుపోయింది. అయిదుగురు బిడ్డల్లో ఇద్దరే మిగిలారు. దుఃఖాన్ని పనిలో ముంచి, విశ్రాంతి అన్న మాట లేకుండా ఆయన పనిచేస్తూనే ఉన్నారు. 1868 అక్టోబర్ అలా వచ్చింది.

1868 అక్టోబర్ 19, సోమవారం

ఆ రోజు గంటల లెక్కన ఎలా నడిచిందో కుటుంబం భద్రపరిచిన వివరాల వల్ల మనకు తెలుసు. దయచేసి నెమ్మదిగా చదవండి.

ముందుగా పాశ్చర్‌కు ఒంటి ఎడమ వైపంతా వింతగా తిమ్మిరి అనిపించింది. భోజనం తర్వాత వణుకు వచ్చింది, పడుకున్నారు. కానీ ఆ మధ్యాహ్నం సైన్సు అకాడమీలో ఒక ఇటాలియన్ శాస్త్రవేత్త పత్రం చదవాలి. పట్టుపురుగుల విషయంలో పాశ్చర్ చెప్పిందే సరైనదని ఆ పత్రం తేల్చింది. వెళ్లకుండా ఉండలేకపోయారు. మరీకి భయం వేసి, ఏదో పని ఉన్నట్టు చెప్పి అకాడమీ దాకా తోడు వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన్ని ఒంటరిగా వదలొద్దని స్నేహితుడు బలార్‌ను కోరారు.

అకాడమీలో పాశ్చర్ ఎప్పటిలాగే నిబ్బరంగా పత్రం చదివారు. సమావేశం అయ్యేదాకా కూర్చున్నారు. స్నేహితులతో కలిసి నడుచుకుంటూ ఇంటికి వచ్చారు. కొద్దిగా తిన్నారు. తొమ్మిదింటికి పక్క మీద వాలారు. గండం గడిచిందనే ఎవరైనా అనుకుంటారు.

పక్క మీద వాలీ వాలగానే మధ్యాహ్నపు లక్షణాలు తిరిగి వచ్చాయి. మాట్లాడబోతే నోట మాట రాలేదు. కొన్ని క్షణాలకు గొంతు పెగిలి కేక వేయగలిగారు. మరీ వెంటనే డాక్టర్ గొడెలియేకు కబురు పంపారు. రాత్రంతా లక్షణాలు వస్తూ పోతూ ఉన్నాయి. ఒక క్షణం చెయ్యి కదలదు, మరుక్షణం కదులుతుంది. కదిలిన వేళల్లో పాశ్చర్ తనకు ఏం జరుగుతోందో తానే డాక్టరుకు వివరించారు. ఆ రాత్రి నుంచి మర్నాటిలోగా అంచెలంచెలుగా ఎడమ వైపంతా చచ్చుబడిపోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు.

మెదడులో ఏం జరుగుతుంది?

మన ఒంటి బరువులో మెదడు సుమారు 2 శాతమే. కానీ ఒంటికి అందే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. కండరంలా అది ఇంధనాన్ని దాచుకోలేదు. ఎప్పటికప్పుడు రక్తం తెచ్చి ఇవ్వాల్సిందే. ఆ రక్తం ఆగితే వచ్చేదే పక్షవాతం, ఇంగ్లీషులో స్ట్రోక్.

ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది, రక్తనాళం మూసుకుపోవడం. నాళం గోడలో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుని దారి సన్నబడి, అక్కడ రక్తం గడ్డకట్టవచ్చు. లేదా గుండెలో పుట్టిన గడ్డ కొట్టుకొచ్చి మెదడు నాళంలో ఇరుక్కోవచ్చు. ప్రతి పది కేసుల్లో సుమారు ఎనిమిది ఇలాంటివే. రెండోది, నాళం చిట్లి మెదడులోకి రక్తం కారడం. ఎక్కువ కాలం అదుపు లేని బీపీ దీనికి ప్రధాన కారణం. బీపీ మొదటి రకానికీ దారి తీస్తుంది. ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా నాళాలను పాడుచేస్తూ పోవడమే దాని ప్రమాదం.

నాళం మూసుకుపోయిన చోట, దాని మీదే ఆధారపడిన మెదడు భాగం నిమిషాల్లో చనిపోతుంది. ఆ భాగం చుట్టూ మరో వలయం ఉంటుంది. పక్క నాళాల నుంచి కొద్దిగా రక్తం అందుతుంటుంది కాబట్టి అక్కడి కణాలు పని ఆపేస్తాయి కానీ ప్రాణంతో ఉంటాయి. మడి ఎండిపోతున్నా వేళ్లలో ఇంకా తడి ఉన్న నారులాంటివి అవి. నీరు అందితే లేస్తాయి, ఆలస్యమైతే పోతాయి. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సగటున 19 లక్షల నరకణాలు చనిపోతాయని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. పక్షవాతంలో గడియారాన్ని ఎందుకు అంతగా చూస్తారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

పాశ్చర్‌కు వచ్చిన లక్షణాలు వచ్చి పోయి మళ్లీ ఎందుకు వచ్చాయి? మెదడు లోతుల్లోని సన్నని నాళం పూడుకుపోయే దశలో ఇలాంటి తీరు కనిపిస్తుంటుంది. రక్తం కాస్త అందినప్పుడు చెయ్యి లేస్తుంది, తగ్గితే వాలిపోతుంది. కొందరిలో లక్షణాలు నిమిషాల్లోనో గంటలోనో పూర్తిగా పోతాయి. దాన్ని చిన్న పక్షవాతం అంటారు. బాగైపోయింది కదా అని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అసలు పక్షవాతం వచ్చే ముప్పు ఆ తర్వాతి గంటల్లోనూ రోజుల్లోనూ అందరికంటే వాళ్లకే ఎక్కువ. మధ్యాహ్నం వచ్చి తగ్గినట్టు కనిపించిన తిమ్మిరి రాత్రి తొమ్మిదింటికి ఏమైందో మీరు పైన చదివారు.

ఎడమ వైపే ఎందుకు పడిపోయింది? మెదడు నుంచి కదలికల ఆజ్ఞలు తెచ్చే నరాలు మెడకు కాస్త పైన ఒకదాన్నొకటి దాటి అటుది ఇటు, ఇటుది అటు వెళ్తాయి. కాబట్టి కుడి మెదడు దెబ్బతింటే ఎడమ ఒళ్లు పడిపోతుంది. చాలామందిలో భాష ఎడమ మెదడులో ఉంటుంది. పాశ్చర్‌కు పక్షవాతం రావడానికి కొద్ది ఏళ్ల ముందే, 1861 నుంచి 1865 మధ్య, అదే పారిస్ నగరంలో పాల్ బ్రోకా అనే వైద్యుడు మాట పోయిన రోగుల మెదళ్లను పరీక్షించి ఈ సంగతి బయటపెట్టారు. పాశ్చర్‌కు దెబ్బ తగిలింది కుడి మెదడుకు. కొద్దిసేపు నోరు పెగలకపోయినా భాష నిలిచింది.

మరి ముఖ్యమైన ప్రశ్న. సగం ఒళ్లు పడిపోయినా ఆలోచన ఎలా మిగిలింది? ఆలోచన మెదడు పైపొరల్లో విస్తారంగా పరుచుకుని ఉంటుంది. కదలిక ఆజ్ఞలు తెచ్చే తంతువులు మాత్రం లోపల ఒక ఇరుకు దారిలో కట్టగా కలిసి కిందికి దిగుతాయి. విజయవాడ జంక్షన్ దగ్గర కొద్ది మీటర్ల పట్టా దెబ్బతింటే ఎక్కడెక్కడి రైళ్లో ఆగిపోతాయి. ఊళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. ఆ ఇరుకు దారిలో చిక్కుడుగింజంత చోటు దెబ్బతిన్నా ముఖం, చెయ్యి, కాలు మూడూ పడిపోవచ్చు. అందుకే పక్షవాతం వచ్చిన మనిషి మాట ముద్దగా ఉన్నంత మాత్రాన ఆయనకు అర్థం కావడం లేదని అనుకోకండి. మంచం పక్కన కూర్చుని ఆయన గురించి ఆయన లేనట్టు మాట్లాడకండి. చాలామంది అంతా వింటూనే ఉంటారు.

అప్పుడు జలగలు, ఇప్పుడు గంటలు

పాశ్చర్ చుట్టూ పారిస్‌లోని మేటి వైద్యులు ఉన్నారు. కానీ వాళ్ల చేతిలో ఏమీ లేదు. మెదడులో రక్తస్రావం అయిందని భావించి, చెవుల వెనక జలగలు పట్టించి రక్తం తీశారు. అప్పటికి మించిన వైద్యం లేదు. పుర్రె లోపల చూసే సాధనం లేదు. ఎక్స్-రేను రాంట్‌గెన్ 1895 నవంబర్‌లో, అంటే పాశ్చర్ చనిపోయిన రెండు నెలల్లోపు కనుగొన్నారు. మోచేతికి పైన పట్టీ చుట్టి బీపీ చూసే పద్ధతిని ఇటలీలో రివా-రోచి ఆ మరుసటి ఏడాది, 1896లో తెచ్చారు. మెదడు సీటీ స్కాన్ 1971 దాకా రాలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారి వేరు. నాళం మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది ఎంత అనుభవమున్న డాక్టరైనా బయటి నుంచి చూసి కచ్చితంగా చెప్పలేరు. సీటీ స్కాన్ నిమిషాల్లో చెబుతుంది. మూసుకుపోయినదైతే, లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఎంత ముందు ఇస్తే అంత మేలు. పెద్ద నాళంలో గడ్డ ఉంటే, తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి దాన్ని బయటికి లాగే వైద్యం ఉంది. అది మామూలుగా 6 గంటల్లోపు, స్కాన్ చూసి ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు కూడా చేస్తారు. చిట్లినదైతే గడ్డ కరిగించే మందు ప్రాణానికే ముప్పు. అప్పుడు బీపీని వేగంగా అదుపు చేయడం, అవసరమైతే ఆపరేషన్. కాబట్టి స్కాన్ కాకముందు ఇంట్లో ఆస్పిరిన్ మాత్ర వేయడం మంచిది కాదు.

1868లో తిమ్మిరి మొదలైన క్షణం నుంచి పక్షవాతం పూర్తయ్యేదాకా పాశ్చర్‌కు గంటల సమయం దొరికింది. దాన్ని వాడుకునే వైద్యం అప్పుడు లేదు. ఇప్పుడు వైద్యం ఉంది. చాలా ఇళ్లలో చేజారేది సమయమే. కాసేపు పడుకుంటే తగ్గుతుందని, తెల్లారాక చూద్దామని, ముందు ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరుకు చూపిద్దామని, నాటు మందు వేయిద్దామని ఆ గంటలు కరిగిపోతాయి.

మంచం మీది నుంచి మళ్లీ ప్రయోగశాలకు

పాశ్చర్ బతకరనే అందరూ అనుకున్నారు. ఆయన కోసం ఎకోల్ నార్మాల్ ఆవరణలో కడుతున్న కొత్త ప్రయోగశాల పని ఆగిపోయింది. మనిషే ఉండనప్పుడు భవనం ఎందుకని అధికారులు అనుకున్నారు కాబోలు. పని ఆగిన సంగతి మంచం మీద ఉన్న ఆయనకు తెలిసింది. విషయం చక్రవర్తి మూడో నెపోలియన్ దాకా వెళ్లి, ఆయన ఆజ్ఞతో కూలీలు మళ్లీ పనిలోకి వచ్చారు. కొత్త గోడలు లేస్తుంటే, ఇంట్లో రోగి కూడా కోలుకుంటూ వచ్చారు.

పక్షవాతం వచ్చిన వారానికే పాశ్చర్ శిష్యుడు జెర్నేతో పట్టుపురుగుల మీద ఒక పత్రం రాయించారు. ఆయన చెబుతుంటే జెర్నే రాసుకున్నారు. శిష్యులు వంతులు వేసుకుని రాత్రిళ్లు పక్కన కూర్చున్నారు. మూడు నెలలు గడిచేసరికి, 1869 జనవరిలో, కుటుంబంతో కలిసి మళ్లీ దక్షిణాదికి బయల్దేరారు. రైల్లో పడుకోబెట్టి తీసుకెళ్లాల్సి వచ్చింది. కుర్చీలో కూర్చునో, మంచం మీద పడుకునో పని చెబుతుంటే శిష్యులు చేసేవారు. 1870లో పట్టుపురుగుల జబ్బుల మీద ఆయన గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడింది.

ఇక్కడ మీరు ఒక తప్పు అర్థం తీసుకోకూడదు. పట్టుదల ఉంటే పక్షవాతం నయమవుతుందని పాశ్చర్ కథ చెప్పడం లేదు. ఆయన పట్టుదలకు ఏ లోటూ లేదు. అయినా ఎడమ చెయ్యి వంగి బిగుసుకుపోయి అలాగే ఉండిపోయింది. ఎడమ కాలు ఈడుస్తూ నడిచేవారు. చనిపోయిన నరకణాలు తిరిగి పుట్టవు. పక్కనున్న కణాలు కొంత పని నేర్చుకుంటాయి. ఆ నేర్పే పనే ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో మెరుగుదల ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా సాగుతుంది. ఎంత తిరిగి వస్తుందన్నది దెబ్బ ఎక్కడ తగిలింది, ఎంత పెద్దది, ఎంత త్వరగా వైద్యం అందింది అన్నదాని మీద ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా చెయ్యి రాకపోతే, సరిగ్గా ప్రయత్నించడం లేదని వాళ్లను నిందించకండి. పక్షవాతం తర్వాత చాలామందిని దిగులు కమ్ముకుంటుంది. అది కూడా జబ్బులో భాగమే, దానికీ వైద్యం ఉంది.

పాశ్చర్ కథ చెప్పేది వేరు. మిగిలిన దానితో ఎంత పని జరగగలదో చూపిస్తుంది. అయితే ఆ పని ఒక్కరి వల్ల జరగలేదు. రాసిపెట్టే భార్య, చేతులై పనిచేసే శిష్యులు, ఆయన మాటకు విలువ తగ్గించని సంస్థ ఆయన చుట్టూ ఉన్నాయి.

ఆ అండతో ఏం జరిగిందో చూడండి. 1880 ప్రాంతంలో కోళ్ల కలరా మీద పనిచేస్తూ, బలహీనపరచిన సూక్ష్మజీవితో రోగనిరోధక శక్తి తెప్పించవచ్చని కనుగొన్నారు. 1881 మే, జూన్ నెలల్లో పుయీ-ల-ఫోర్ అనే పల్లెలో జనం చూస్తుండగా గొర్రెలకు ఆంత్రాక్స్ టీకా పరీక్ష జరిగింది. టీకా వేసినవి నిలిచాయి, వేయనివి చనిపోయాయి. 1885 జూలై 6న అల్సాస్ నుంచి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకు జోసెఫ్ మైస్టర్‌ను తీసుకొచ్చింది. పిచ్చికుక్క ఒళ్లంతా కరిచింది. పాశ్చర్ వైద్యుడు కారు కాబట్టి డాక్టర్ గ్రాంషే సూది వేశారు. సుమారు పది రోజుల్లో 13 ఇంజెక్షన్లు. పిల్లవాడు బతికాడు. ముగ్గురు కూతుళ్లను పోగొట్టుకున్న తండ్రి ఆ రాత్రుళ్లు సరిగ్గా నిద్రపోలేదు.

ఆ ఇంజెక్షన్ల వారసత్వం మన దాకా వచ్చింది. 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ పేరిట సంస్థ మొదలైంది. అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్న ఆంధ్ర జిల్లాలకు కూడా కుక్కకాటు వైద్యానికి అదే ఆధారం. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అంటూ మీ తాతముత్తాతలు భయపెట్టిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పాత పద్ధతి పోయి, ఇప్పుడు చేతికి వేసే కొద్ది డోసులతో పని జరుగుతోంది.

చివరి ఏళ్లు

పక్షవాతం ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే ముప్పు ఉంటుంది. 1887 అక్టోబర్‌లో పాశ్చర్‌కు మళ్లీ వచ్చింది. ఈసారి మాట దెబ్బతింది. 1888 నవంబర్ 14న పారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైనప్పుడు ఆయన ప్రసంగాన్ని కొడుకు చదవాల్సి వచ్చింది. 1892లో 70వ పుట్టినరోజు వేడుకకు దేశాధ్యక్షుడు కార్నో చెయ్యి పట్టుకుని సభలోకి నడిచారు. అక్కడా ఆయన మాటలను కొడుకే వినిపించారు. క్రమంగా కదలిక తగ్గిపోయింది. 1895 సెప్టెంబర్ 28న, పారిస్ దగ్గర విల్‌నవ్-లెతాంగ్‌లో, 72 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మొదటి పక్షవాతం తర్వాత ఆయన దాదాపు 27 ఏళ్లు బతికారు.

మీ ఇంట్లో ఇవి అందరికీ తెలియాలి

ఈ కింది లక్షణాల్లో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా పక్షవాతమేనని అనుకుని కదలండి:

• మూతి ఒక పక్కకు వంకర పోవడం. నవ్వమని అడిగి చూడండి.
• ఒక చెయ్యి లేదా కాలు బలం తప్పడం, తిమ్మిరి ఎక్కడం. రెండు చేతులూ ముందుకు చాపమనండి. ఒకటి వాలిపోతుందేమో గమనించండి.
• మాట ముద్దగా రావడం, తడబడటం, చెప్పింది అర్థం కాకపోవడం. తెలిసిన చిన్న వాక్యం ఏదైనా పలకమనండి.
• నడక తూలడం, చూపు పోవడం లేదా రెండుగా కనిపించడం, ఎన్నడూ లేనంత తలనొప్పి.

వెంటనే 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్, పక్షవాతం వైద్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్లండి. మనిషి చివరిసారి మామూలుగా ఉన్న సమయం ఎంతో చూసి కాగితం మీద రాయండి, డాక్టర్లు ముందుగా అడిగేది అదే. మింగే శక్తి దెబ్బతిని ఉండవచ్చు కాబట్టి నీళ్లు, కాఫీ, మాత్రలు ఏవీ నోట్లో పోయవద్దు, వేయవద్దు. వాంతి వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లక్షణాలు తగ్గిపోయినా ప్రయాణం ఆపకండి.

రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ బీపీ, షుగర్ చూపించుకోవాలి. తల తిరగడం లేదు కదా అని బీపీ మాత్రలు సొంతంగా ఆపకూడదు. సిగరెట్, బీడీ, గుట్కా మానాలి. ఊరగాయలు, అప్పడాలు, వడియాల్లో ఉప్పు ఎక్కువ, వాటిని తగ్గించాలి. గుండె దడగా, లయ తప్పి కొట్టుకుంటుంటే డాక్టరుకు చూపించుకోవాలి. నిద్ర, నడక రెండూ కావాలి.

ఈ నెల ఒక సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టుకుని పాశ్చర్ కథ చెప్పండి. తర్వాత మూతి, చెయ్యి, మాట, సమయం అన్న నాలుగు మాటలు వాళ్లతో కంఠతా పట్టించండి. ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు ఫోన్లో స్పష్టంగా చెప్పడం అలవాటు చేయించండి. మీరిద్దరూ ఆఫీసులో ఉండగా ఇంట్లో తాతయ్యతో ఉండేది వాళ్లే. ఆ రోజు మాట ముద్దగా వస్తోందని ముందుగా గమనించేదీ, 108 నొక్కేదీ ఆరో తరగతి చదివే మీ అమ్మాయే కావచ్చు.